నందిగామ వకీలుగారు – సభాపతి పీఠం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మమ్మల్ని “న్యాయవాద వృత్తి – ప్రజాజీవితం” అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉదాహరణ కోసం మేము దూరం పోనక్కరలేకపోయింది. బెజవాడ వెళ్ళే ప్రతివారికీ కాళేశ్వరరావు మార్కెట్టు తెలుసు. బేరమాడి, సంచి నింపుకుని వస్తాం. ఆ పేరుగల పెద్దమనిషి మన నందిగామలో పుట్టినవాడని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1882లో పుట్టారు. బెజవాడలో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించిన వారిలో ఆయన ఒకరు. ఆ మండలికి ప్రాణంపోసిన కొమర్రాజు లక్ష్మణరావుగారిది పెనుగంచిప్రోలు, అంటే మన పొరుగే. చరిత్ర, శాస్త్రం తెలుగులో చదువుకునే వీలు సామాన్యులకు కల్పించాలన్నది వారి పట్టుదల.

తర్వాత సహాయ నిరాకరణ వచ్చింది. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం బెజవాడలోనే జరిగింది, గాంధీగారు వచ్చారు. అవి ఖిలాఫత్ రోజులు. హిందువులు, ముస్లింలు ఒకే వేదికమీద నిలబడిన కాలం. పాట్నాలో మౌలానా మజహరుల్ హక్ గారు బారిస్టరు పని మానుకుంటే, ఇక్కడ కాళేశ్వరరావుగారు కోర్టు వదిలి జైలుకు వెళ్ళారు.

మన సంఘంవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆయన తురుష్క దేశపు ప్రజాస్వామ్యం గురించి, ఈజిప్టు చరిత్ర గురించి తెలుగులో పుస్తకాలు రాశారు. నందిగామ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వకీలుకు ఇస్తాంబుల్ తోనూ కైరోతోనూ ఏం పని? ఎదుటివాడి సంగతి విని వదిలేయకుండా చదివి తెలుసుకోవాలన్న బుద్ధి, అంతే. మనమూ మన పొరుగువారి గురించి అంత శ్రద్ధగా తెలుసుకున్నామా అని ఒక్కసారి గుండెమీద చెయ్యి వేసుకుని అడుగుకోవాలి.

విశాలాంధ్ర ఉద్యమంలో ఆయన ముందు వరుసలో నిలిచారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. డెబ్భై నాలుగేళ్ళ వయస్సులో దాని శాసనసభకు మొదటి సభాపతి అయ్యారు. ఆ రాష్ట్రం 2014లో రెండయింది. అది వేరే చరిత్ర. మేము చెప్పదలచింది ఆ పీఠం సంగతి. జీవితమంతా ఒక పక్షాన నిలబడి పోరాడిన మనిషి, ఏ పక్షానికీ చెందనట్టు కూర్చోవలసిన కుర్చీ అది. ఓట్లు సరిసమానంగా వచ్చినప్పుడు తప్ప సభాపతి ఓటు వేయకూడదని రాజ్యాంగం 189వ అధికరణం చెబుతోంది. కోస్తా సభ్యులొకవైపు, నిజాం పాలన చూసి ఉర్దూలో చదువుకున్న తెలంగాణ సభ్యులొకవైపు. అందరి మాటా వినాలి. 1962లో కన్నుమూసేదాకా ఆయన బాధ్యత అదే.

ఈ సందర్భంలో పబ్లిక్ ప్రాసిక్యూటరు సంగతి కూడా చెప్పాలి. సర్కారు వకీలంటే మనవాళ్ళకి భయం. పోలీసువారి తరఫు మనిషి, ఎలాగైనా శిక్ష వేయిస్తాడు అనుకుంటాం. చట్టం ఉద్దేశం అది కాదు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం దొరికినా కోర్టు ముందు పెట్టడం ఆయన ధర్మం. గెలవడం కాదు, నిజం తేలడం ముఖ్యం. సభాపతికీ ప్రాసిక్యూటరుకీ కావలసిన గుణం ఒక్కటే: కోపాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి రావడం. మధ్యేమార్గమంటే పిరికితనం కాదు. జైలుకు వెళ్ళిన మనిషి పిరికివాడెలా అవుతాడు?

ఇక మన సంగతి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అన్నదమ్ములకు స్థలం తగాదా వచ్చింది. పెద్దాయన నమ్మి, చదవకుండానే ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. చదివి చెప్పే మనిషి ఇంట్లో లేడు. అడగడానికి నామోషీ. ఇల్లు పోయింది, పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల పెళ్ళి ఆగిపోయింది. ఇందులో తప్పు ఒక్క తమ్ముడిదేనా? ఊళ్ళో ఇంతమందిమి ఉండి ఆ కాగితం చదివిపెట్టలేకపోయిన మనందరిదీ కాదూ?

మన పిల్లలు మెకానిక్కులవుతున్నారు, దుకాణాలు పెడుతున్నారు, ఇంజనీర్లవుతున్నారు. సంతోషం. కాని వకీళ్ళు ఎందరు? ఆడపిల్లల్లో ఎందరు? అందుకే సంఘానికి మా విన్నపం ఇది. జకాత్, చందాల లెక్క వేరువేరుగా ఉంచి, చందాల్లోంచే ప్రతి ఏటా న్యాయశాస్త్రం చదివే ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి ఫీజు కడదాం. ప్రతిఫలంగా వాళ్ళు నెలకొక ఆదివారం ఇక్కడ కూర్చుని, ఏ మతంవాళ్ళు తెచ్చిన కాగితమైనా చదివి చెప్పాలి. అంతకుమించి ఏమీ అడగవద్దు.

నందిగామలో పుట్టిన ఒక పిల్లవాడు రాష్ట్ర శాసనసభ పీఠం దాకా వెళ్ళాడు. ఆ దారి ఎవరికీ మూసి లేదు. నడిచేవాళ్ళను తయారు చేసే పని మనది. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక.