మంచం పక్కన ఉన్న మనిషినీ లెక్కలోకి తీసుకోవాలి



మిర్చి ధర గురించి, పత్తి కొనుగోలు గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నాం. ఇంట్లో జరిగే నష్టం గురించి నేను రెండు మాటలు చెబుతాను.

పక్షవాతంతో ఒకరు మంచాన పడితే ఆ ఇంట్లో ఇద్దరి కూలి పోతుంది. ఒకటి పడిపోయిన మనిషిది, రెండోది చూసుకునే మనిషిది. ఆ రెండో మనిషి ఎక్కువగా భార్యో, కోడలో, కూతురో. మిరప కోతలకు ఊరంతా కదిలే రోజుల్లో ఆమె గడప దాటలేదు. మనిషిని లేపీ తిప్పీ ఆమె నడుము విరుగుతున్నా, తన బీపీ చూపించుకోవడానికి ఆమెకు తీరిక ఉండదు.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడంలేదని నేననను. 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగికి నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. మంచిదే. మిగతా వికలాంగులకు 6,000. ఒకరు పట్టుకోనిదే దొడ్డికి వెళ్లలేని మనిషి ఆ 6,000 దగ్గరే ఆగిపోతే, పట్టుకునే మనిషి కూలి ఎవరు కట్టిస్తారు?

ఇది మనం కొత్తగా పుట్టించిన కోరిక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లోనే సంరక్షకుల భత్యం మాట ఉంది. ‘ఆర్థిక స్తోమత మేరకు’ అనే మెలిక కూడా ఉంది. ఆ మెలికే మనకు అడ్డం. కేరళ మాత్రం ఆ చట్టం రాకముందే ఆశ్వాసకిరణం పథకం పెట్టింది. ఇచ్చేది నెలకు 600 రూపాయలే అయినా, అది చూసుకునే మనిషికే ఇస్తోంది. మన రాష్ట్రంలోనూ 2019 డిసెంబరులో గుంటూరులో ఆరోగ్య ఆసరా మొదలైంది. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోగికి రోజుకు 225 రూపాయలు ఇచ్చారు. అంటే జబ్బు వల్ల పోయే కూలిని ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకుంది. సేవ చేసే మనిషిదీ కూలే కదా!

ఇంకో మాట. 2025 జనవరిలో ఆ 15,000 పింఛనుదారులు అర్హులా కాదా తేల్చడానికి డాక్టర్లు ఇళ్లకే వచ్చారు. తనిఖీకి రాగలిగిన డాక్టరు వైద్యానికి రాలేడా? 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలోనే మంచాన ఉన్నవారిని ఇంటికెళ్లి చూడాలని ఉంది.

కాబట్టి మనం అడిగేవి మూడు: సంరక్షకులకు నెలవారీ భత్యం, మంచాన ఉన్నవారికి ఇంటివద్దే వైద్యమూ సర్టిఫికెట్టూ, ఆ వచ్చిన డాక్టరు చూసుకునే మనిషి ఆరోగ్యం కూడా పరీక్షించడం.

ప్రతి గ్రామ శాఖ జాబితా రాయాలి. ఎవరు మంచాన ఉన్నారు, ఎవరు చూసుకుంటున్నారు, ఆ మనిషి పని మానేసి ఎన్నాళ్లయింది. పేర్లు రాసే ముందు ఆ ఇంటివాళ్లను అడిగి రాయండి. కోతలు మొదలయ్యేలోపు ఒక సోమవారం ఆ జాబితాలతో కలెక్టరేట్‌కు పోదాం. మంచం దగ్గరనుంచి కదల్లేనివాళ్ల తరఫున వెళ్లాల్సింది మనమే.