ఆటస్థలంలో ఆడపిల్లలకు చోటు
(సుభాష్‌పల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులకు ఆటలు కొత్త కావు. సెర్సా మైదానం మనకు సుపరిచితమే. కాని మన ఇళ్ళలో పిల్ల రజస్వల కాగానే ఆట మానిపిస్తున్నాము. శరీరాన్ని గురించి చెప్పవలసిన మాటలను కూడా సరిగ్గా అప్పుడే మానివేస్తున్నాము.

ఢిల్లీలో నాజ్ ఫౌండేషన్ 2006లో బాలికలకు నెట్‌బాల్ నేర్పడం ప్రారంభించింది. ఆటతోపాటు ఋతుక్రమం, సుఖవ్యాధులు, హెచ్.ఐ.వి. గురించి పాఠాలు చెప్పింది. కెన్యాలోని కిలిఫీలో 2001లో ఇదే ఉద్దేశంతో బాలికల ఫుట్‌బాల్ మొదలైంది. బంతి రోగాన్ని ఆపదు, నిజమే. అయితే వారం వారం కలిసి ఆడే తోటివారి మధ్య, నమ్మకమైన శిక్షకురాలి ఎదుట, ఇంట్లో అడుగలేని ప్రశ్నను పిల్ల అడుగగలదు.

ఆమెకు స్పష్టమైన సమాధానం కావలెను. కలిసి ఆడినందువల్ల, చెమటవల్ల, ఒకే గ్లాసుతో నీరు త్రాగినందువల్ల హెచ్.ఐ.వి. సోకదు. తల్లి నుండి సోకిన బిడ్డ కూడా ఆడవచ్చును. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష ఉచితం. 2004 నుండి ఏ.ఆర్.టి. మందులూ ఉచితమే. వాటిని ఒక్కరోజు కూడా మానరాదు. జట్టులో ఉన్న పిల్లకు ఆ క్రమశిక్షణ కొంత సులభమని నా అభిప్రాయం. ఆమె రోగం సంగతి బయటపెట్టే హక్కు ఎవరికీ లేదు. 2017 నాటి చట్టం వివక్షను నిషేధించింది.

కావున మన కోర్కెల పత్రంలో క్వార్టర్ల మరమ్మతుల సరసన ఇది కూడా చేర్చుదాము: వారానికి మూడు సాయంకాలాలు బాలికలకు మైదానం, ఒక శిక్షకురాలు, దీపాలు, మరుగుదొడ్డి. ఆ చివరిదాన్ని చిన్న విషయంగా తలచకండి. అది లేనిచో నెలకు నాలుగైదు రోజులు పిల్లలు మైదానానికి రారు.