క్రూజరు మోటారు సైకిలు: ఇంటి సంరక్షణ, అలంకరణ
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మోటారు సైకిళ్లలో క్రూజరు అనబడు జాతి యొకటి కలదు. దాని ఆసనము నేలకు దగ్గరగా నుండును. హ్యాండిలు వెనుకకు వంగి చేతికందును. పాదములను ముందునకు చాచి, నడుపువాడు పడకకుర్చీలో నున్నట్లు కూర్చుండును. ఇది పందెములకు గాక దూరప్రయాణములకు ఉద్దేశింపబడిన వాహనము. మన దేశమున వేతనజీవులకు దీనిని అందుబాటులోనికి తెచ్చిన బండ్లలో 2005లో వచ్చిన బజాజ్ అవెంజరు, 2020 నవంబరులో వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డు మీటియరు చెప్పుకొనదగినవి. మీటియరు ఇంజను 349 సి.సి.; ఆసనము ఎత్తు 765 మి.మీ.; బరువు 191 కిలోలు. పొట్టివారికి సైతము రెండు కాళ్లును నేలకు ఆనును గనుక ఇది తేలికబండి యను భ్రమ కలుగును. ఇంటిముందు స్టాండు తీయుచు అదుపు తప్పినప్పుడు గాని ఆ 191 కిలోల సంగతి తెలియదు.

ఈ జాతికి పుట్టినిల్లు అమెరికా. బండిని తన యిష్టము వచ్చినట్లు మార్చుకొను సరదాయు అక్కడనే పెరిగినది. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట ఇంటికి వచ్చిన సైనికులు పలువురు తమ బరువైన బండ్ల మడ్గార్డులను కత్తిరించి, అనవసరమనిపించిన భాగములను ఊడదీసి, తేలిక చేసికొనిరి. తరువాతి తరము వారు ముందు ఫోర్కులను పొడిగించి, హ్యాండిలును భుజముల కంటె ఎత్తునకు లేపిరి. 1969లో వచ్చిన ఈజీ రైడర్ చలనచిత్రము ఆ రూపమును లోకమంతట చాటినది. ఆ చిత్రములోని బండ్లను తీర్చినవారు క్లిఫర్డ్ వాఘ్స్, బెన్ హార్డీ యను నల్లజాతి పనివారు. పోలీసుశాఖ వాడి విడిచిన హార్లే బండ్లతో వారీ పని చేసిరి. చిత్రములో వారి పేర్లు వేయబడలేదు. బహుకాలము వరకు లోకమునకు తెలియనూ లేదు.

ఆ బొమ్మలను చూచి ఇచ్చట మడ్గార్డులు కోయించువారు ఒక్క విషయమును మరచుచున్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో వాన తక్కువ. ఢిల్లీ శ్రావణములో గాని, బెజవాడ తుపానులో గాని, మడ్గార్డు లేని చక్రము చిమ్మిన బురద వెనుక కూర్చున్నవారి వీపు మీదనే వ్రాలును. అంతకంటె ముఖ్యమైన భేదము మరొకటి కలదు. ఆ చిత్రకథానాయకుల వెనుక భార్యాబిడ్డలు గాని, రేషను సంచి గాని లేవు. మన బండి కుటుంబవాహనము. దాని సంరక్షణకైనను, అలంకరణకైనను వెనుక పీట మీద కూర్చున్న మనిషినే ప్రమాణముగా తీసికొనవలెను.

ఇంటి వద్ద చేసికొనదగిన పనులలో మొదటిది చైను పని. సుమారు 500 కిలోమీటర్లకు ఒక మారు చైనును తుడిచి నూనె పట్టించవలెను. ధూళి యెక్కువగా నున్న చోట, వానలో తడిసిన పిదప, అంతకు ముందే చేయవలెను. మెత్తని బ్రష్షుతో కొద్దిపాటి కిరోసినును రాచి, మురికి పోయిన తరువాత గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, చైనుకు తగిన నూనెను లోపలివైపున పూయవలెను. పెట్రోలు పనికిరాదు, నేటి చైనుల లింకుల మధ్య నుండు సన్నని రబ్బరు వలయములను అది పాడుచేయును. ఇక నొక హెచ్చరిక. చక్రము దానంతటదే తిరుగును గదా యని ఇంజనును నడిపించి, గేరు వేసి, చైనుకు గుడ్డ పట్టువారు కలరు. గుడ్డతో బాటు వ్రేలును పళ్లచక్రములోనికి పోవుటకు రెప్పపాటు చాలును. ఇంజను ఆర్పి, గేరు తీసి, చక్రమును చేతితోనే త్రిప్పవలెను.

చైను బిగి విషయమున బండితో వచ్చిన పుస్తకమే గురువు. చాల బండ్లకు క్రిందివరుస నడుమ సుమారు 25 మొదలు 35 మి.మీ. వరకు ఊగు ఉండును. బిగువుగా నుండిన మంచిదని తలంచుట పొరపాటు. వెనుక మనిషి కూర్చుండగనే స్ప్రింగులు దిగి, చైను మరింత బిగుసుకొని, బేరింగులను తినివేయును. బిగి సరిచేయునప్పుడు ఇరుసు రెండు చివరల నున్న గుర్తులు సమానముగా నున్నవో లేదో చూడవలెను. లేనిచో చక్రము వంకరగా పరుగిడును.

ఇంజను నూనె మట్టమును బండిని నిటారుగా నిలిపి చూడవలెను. ప్రక్క స్టాండు మీద వాలియున్నప్పుడు చూచిన మట్టము నమ్మదగినది కాదు. టైర్ల గాలిని చల్లగా నున్నప్పుడే కొలువవలెను. ఇద్దరు ప్రయాణము చేయునప్పుడు వెనుక టైరునకు ఎంత గాలి యుండవలెనో పుస్తకములో వేరుగా వ్రాసియుండును. దానిని చదువువారు అరుదు. అట్లే వెనుక స్ప్రింగుల క్రింద మెట్లుమెట్లుగా త్రిప్పు వలయముండును. దానిని బిగించుటకు కొడవలి వంటి పానా బండితోనే వచ్చును. క్రూజరులో పాదములు ముందుకుండుటచే గుంతల దెబ్బను మోకాళ్లు కాచుకొనజాలవు. అది నేరుగా నడుమునకు తగులును. కావున ఈ వలయమును బరువును బట్టి మార్చుట నేర్చుకొన్నవానికి నడుమునొప్పి కొంత తగ్గును.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును. తేమ చేరినకొలది, ఘాటు దిగుడులో వేడెక్కినప్పుడు, లీవరు మెత్తబడి బ్రేకు పట్టు తప్పును. కావున దానిని సుమారు రెండేండ్లకొకమారు మార్పించవలెను. మట్టము చూచుట ఇంటిపని. మార్చుట మాత్రము పనివానికి వదలుట మేలు. చుక్క నూనె పడిన చోట రంగు లేచిపోవును; లోపల గాలిబుడగ మిగిలినచో బ్రేకే ఉండదు. బ్యాటరీని విప్పునప్పుడు ముందుగా ఋణతీగను విప్పవలెను. అప్పుడు పానా చట్రమునకు తగిలినను మెరుపు రాదు.

ఇక అలంకరణ. వెనుక ఆనుదిండు, మెత్తని సీటు, గాలి అడ్డు అద్దము, సామాను పట్టె: ఇవన్నియు బండితనమును చెడగొట్టవు, కూర్చున్నవారికి సుఖము నిచ్చును. రంగు మార్చవచ్చును గాని రిజిస్ట్రేషను పత్రములో రంగు వ్రాయబడి యుండును గనుక రవాణా కార్యాలయమున నమోదు చేయించుకొనవలెను. చట్రమును కోయుట, ఫోర్కులను పొడిగించుట వేరు సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగు మార్పులను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధమును గట్టిగా సమర్థించినది.

అన్నిటికంటె ఎక్కువగా చెప్పవలసినది చీరకు కాపుగా వెనుక చక్రము ప్రక్కన బిగించిన ఇనుప చట్రమును గురించి. వాడుకలో దీనిని శారీ గార్డు అందురు. బండి అందమును చెడగొట్టుచున్నదని యువకులు మొదట విప్పివేయునది ఇదియే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వది దీనిని స్పష్టముగా కోరుచున్నది. వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, పాదపీటలు ఉండవలెను. వారి వస్త్రములు చక్రములో చిక్కుకొనకుండ వెనుక చక్రమున సగమునకు తక్కువ గాని భాగమును కప్పు రక్షణ యుండవలెను. ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ 1927లో నీస్ నగరమున తెరపికారులో పోవుచుండగా, ఆమె మెడలోని పొడవైన పట్టువస్త్రము చక్రమునకు చుట్టుకొని ప్రాణము తీసినది. పైటకొంగుకును, చున్నీకిని, అయ్యప్ప దీక్షలో నున్నవాని కండువాకును జరుగగల కీడు అదియే. నాలుగు బోల్టులతో నిలిచిన ఆ ఇనుపముక్క వికారముగనే యుండవచ్చును. నల్లరంగు వేయించుకొనవచ్చును, తీయరాదు.

హ్యాండిలును మార్చినవారు ఇంటి వద్దనే చేసికొనదగిన పరీక్ష యొకటి కలదు. బండిని స్టాండు మీద నిలిపి, ఇంజనును మందముగా నడువనిచ్చి, హ్యాండిలును ఎడమ కొసకును, కుడి కొసకును పూర్తిగా త్రిప్పవలెను. ఏ ప్రక్కనైనను ఇంజను చప్పుడు హెచ్చినచో యాక్సిలరేటరు తీగ కురచయై లాగబడుచున్నదన్నమాట. అట్టి బండి ఇరుకుసందులో మలుపు తిరుగుచు తనంత తానే ముందునకు దూకును. బ్రేకు గొట్టమును గూడ అట్లే చూడవలెను. చక్రము పరిమాణమును మార్చుట అంతకంటె ప్రమాదము. 125 సి.సి. దాటిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిలు నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరియైనది. ఆ యంత్రము చక్రము తిరుగు వేగమును లెక్కించియే బ్రేకును అదుపు చేయును; చక్రము మారినచో ఆ లెక్క తప్పును.

సైలెన్సరును గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 175 సి.సి. మించిన మోటారు సైకిళ్లకు తయారీ దశలో విధించిన హద్దు 80 డెసిబెళ్లు. లోపలి గొట్టమును ఊడదీయించి క్వార్టర్లలో రాత్రి పదింటికి వచ్చువానికి, పరీక్షకు చదువుకొను పిల్లలున్న ప్రతి గుమ్మము నుండియు సమాధానము దొరకును.

కేంద్రోద్యోగులకు పట్టు చిక్కు మరొకటి కలదు. ఒక రాష్ట్రమున నమోదైన బండిని మరొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో క్రొత్త సంఖ్య కొరకు అక్కడి అధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. 2021లో ప్రవేశపెట్టిన బి.హెచ్. సంఖ్య కలవారికి ఈ బాధ తప్పినది. పూర్వపు బండ్లవారికి మొదట తప్పలేదు. బదిలీపై వెళ్లిన చోట బండిని తనిఖీకి నిలిపినప్పుడు ఇంజను సంఖ్య, చట్రపు సంఖ్య, రంగు పత్రముతో సరిపోవలెను. కావున విప్పిన ప్రతి అసలు భాగమును, దాని బోల్టులతో సహా గుడ్డసంచిలో మూటగట్టి, పేరు వ్రాసి, అటక మీద భద్రపరచుట మంచిది. బదిలీ ఉత్తర్వు వచ్చిన తరువాత వానిని వెదకుటకు వ్యవధి యుండదు.