శిశువుల మనోనిగ్రహము – పెద్దల మాట
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘము విద్యార్థి వేతనములకును, వసతిగృహములకును ధనము సేకరించుచున్నది. ఇది మిక్కిలి ప్రశంసనీయము. అయినను వసతిగృహమున చేరునాటికి బాలునకు పదియేండ్లు దాటును. ఆవేశము నాపుకొను శక్తికి బీజము పడునది అంతకు చాల ముందు, మన యిండ్లలోనే. కావున ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు మనవిచేయుదును.

మూడేండ్ల బిడ్డ అడిగినది చేతికీయనిచో నేలబడి పొరలును, తోడిబిడ్డ బొమ్మను లాగికొనును, అడ్డగించినచో కొరుకును. దీనిని మనము పొగరనియు, మొండితనమనియు నిందింతుము. నిజమున కది దుర్గుణము కాదు. కోరికను అదుపులో నుంచు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటినను ఇంకను పరిపక్వమగుచునే యుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నడక రాని శిశువును పరుగెత్తలేదని కొట్టుదుమా?

"మొక్కై వంగనిది మానై వంగునా" యని కొందరు బెత్తమును సమర్థింతురు. వంచుట వేరు, విరుచుట వేరు. దెబ్బకు జడిసిన బిడ్డ కొట్టువారి యెదుట మాత్రమే అణగియుండును. పైగా కోపము వచ్చినచో చేయిచేసికొనవచ్చునను పాఠమును మనయొద్దనే నేర్చును.

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ మిషెల్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతమున పసివారి యెదుట తినుబండారము నుంచి, తినక వేచియున్నచో రెండిత్తునని చెప్పి పరీక్షించెను. వేచియున్నవారే పెద్దయి వృద్ధికి వచ్చిరని ప్రచారమయ్యెను. కాని 2018లో సుమారు 900 మంది పిల్లల వివరములను పరిశీలించి, ఇంటి పరిస్థితులను లెక్కలోనికి తీసికొనగా, ఆ సంబంధము మిక్కిలి తగ్గిపోయెను.

రోచెస్టరు విశ్వవిద్యాలయమున జరిగి 2013లో ప్రకటితమైన పరిశోధన మనకు మరింత ముఖ్యము. అందలి 28 మంది పిల్లలలో సగము మందికి మంచి రంగులు తెత్తునని చెప్పి తెచ్చి యిచ్చిరి. తక్కినవారికి చెప్పియు తేరైరి. పిదప తినుబండారము ముందుంచగా, మాట నిలిచిన చోట పిల్లలు సగటున 12 నిమిషములు ఓర్చిరి. మాట తప్పిన చోట 3 నిమిషములే.

ఓర్పు కేవలము బిడ్డ గుణము కాదు. పెద్దల మాటపై వానికి గల నమ్మకము. మనమో, వెంటవత్తునని యేడ్చు బిడ్డను "జీళ్లు తెచ్చెద" నని మభ్యపెట్టి దొడ్డిదారిన పోవుదుము. అన్నము తినకున్న బూచివాడు వచ్చునందుము. జీళ్లును రావు, బూచివాడును రాడు. ఇట్లు పదిమారులు మోసపోయిన బిడ్డ "కొంచె మోర్చుకొను" మన్న ఏల వినును?

కావున ఇత్తుమన్నది ఇయ్యవలెను. ఈయలేనిది ముందే చెప్పవలెను. కాదన్నదానిని ఏడ్చినంతనే ఈయరాదు. తల్లి వలదన్నదానిని నాయనమ్మ చాటుగా పెట్టరాదు. ఏడుపు ముదిరినపుడు హితబోధ చెవికెక్కదు; చెంత కూర్చుండి, "నీకు కోపము వచ్చినది గదా" యని ఊరడించి, శాంతించిన పిదప చెప్పవలెను. సెల్‌ఫోను చేతికిచ్చి యేడుపు మాన్పుట ఆ క్షణమునకు సుఖమే. కాని తన్ను తాను సముదాయించుకొను అభ్యాసము బిడ్డకు కలుగదు. దాగుడుమూతలలో కన్నులు మూసికొని నిలుచుట, తన వంతుకై కాచుకొనుట ఇందుకు మంచి సాధనలు. ఈ భారము తల్లిది మాత్రమే కాదు. తండ్రి తన కోపము నణచుకొనుటను బిడ్డ చూచుచుండును.

ఈ మహాసభలో అనేక తీర్మానములు గావింతుము. బిడ్డకిచ్చిన మాట తప్పమను తీర్మానమును ఎవరి యింట వారు గావింపుడని ప్రార్థన. దానికి చందా యక్కరలేదు.