కేకయ దేశంలో భరతుడు



శ్రీమద్రామాయణ పారాయణ చేసేవారు అయోధ్యాకాండలో కైకేయి వరములు, శ్రీరాముని వనగమనము, దశరథ మహారాజు మరణము చదివి కన్నీరు పెడతారు. ఆ వెంటనే వచ్చే కొన్ని సర్గలను మాత్రం త్వరగా దాటిపోతారు. అవి భరతుని సర్గలు. అయోధ్య మీద పిడుగు పడిన వేళ భరతుడు అక్కడ లేడు. దూరాన, కేకయ దేశంలో, మేనమామ ఇంట సుఖంగా ఉన్నాడు. గుంటూరు, ప్రకాశం సీమలలో ఈనాడు ఊరూరా అట్టి భరతులున్నారు. కన్న ఊరు ఒకచోట, కూడు పెట్టే ఊరు వేరొకచోట. కాబట్టి ఆ సర్గలను ఈ సాయంకాలం నెమ్మదిగా విచారించుకొందాము.

వాల్మీకి మహర్షి ఏమి చెప్పినాడో చూడండి. భరతునికి తెల్లవారుజామున ఒక దుఃస్వప్నం వచ్చినది. తండ్రి కొండ శిఖరం నుండి జారి పడినట్లు కలగన్నాడు. మిత్రులు వాద్యములు వాయించినారు, నాటకములాడినారు, హాస్యములు చెప్పినారు. అతని మనస్సు నిలువలేదు. అంతలో అయోధ్య నుండి దూతలు వచ్చినారు. భరతుడు ఒక్కొక్కరి పేరు చెప్పి క్షేమమడిగినాడు. తండ్రి కుశలమా? అన్న రాముడు, లక్ష్మణుడు కుశలమా? కౌసల్య, సుమిత్ర, నా తల్లి కైకేయి కుశలమా? దూతలు వినయంగా, నీవెవరి క్షేమం కోరుతున్నావో వారందరూ క్షేమమే అన్నారు. అప్పటికి అయోధ్యలో తండ్రి శరీరం తైలద్రోణిలో ఉన్నది.

ఈ కథ త్రేతాయుగంతో ముగిసినది కాదు. 2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నర నుండి రెండున్నర మధ్య మిగ్‌జాం తుపాను బాపట్ల చేరువన తీరం దాటినది. ఆ సమయానికి అమెరికాలోని డల్లాసు నగరంలో రాత్రి ఒంటిగంట దాటినది. ఇక్కడ మిరప చేలలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుండగా, పగిలిన పత్తికాయ చెట్టుమీదనే నానుతుండగా, అక్కడ ఈ ఊరి బిడ్డ నిద్రలో ఉన్నాడు. తెల్లవారి లేచి, పిల్లలను బడికి పంపి, తాను ఉద్యోగానికి పోయినాడు. నడుమ ఫోను చేస్తే తల్లి ఏమన్నది? "ఇక్కడంతా బాగానే ఉందిరా నాయనా, నువ్వు వేళకు తింటున్నావా?" అన్నది. ఇది దూతల మాటే కదా!

ఇది తెలుగువారికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 2018 జూలై 23న గ్రీసు దేశంలో, ఏథెన్సు నగరానికి చేరువనున్న మాతి అనే సముద్రతీర గ్రామాన్ని సాయంవేళ కార్చిచ్చు చుట్టుముట్టినది. నూరుమందికి పైగా మరణించినారు. గ్రీకులు వేలాదిగా స్థిరపడిన ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను నగరంలో అప్పుడు అర్ధరాత్రి. వారు లేచి పనికి పోయే వేళకు ఆ ఊరు బూడిద అయినది. భాష వేరు, దైవాన్ని పిలిచే పేరు వేరు. కడుపుకోత ఒక్కటే.

పెద్దలకు 1977 నవంబరు 19వ తేదీ జ్ఞాపకముండును. ఆనాటి తుపాను చీరాల వద్ద తీరం దాటినది. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినది. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. పొలములలో ఉప్పు మేట వేసినది, మంచినీటి బావులు ఉప్పునీరైనవి. అమెరికాలోని తెలుగువారు తమ సంఘం తొలి మహాసభను న్యూయార్కులో జరుపుకొన్నది ఆ సంవత్సరమే. ఆ కాలమందు ఇంటి వార్త తెలియవలెనంటే ఉత్తరం కొరకు రోజుల తరబడి ఎదురు చూడవలసినదే. ఇప్పుడు వార్త క్షణంలో చేరుతున్నది. అయినా సత్యం చేరుతున్నదా? గాలి వేగమెంతో, వాన ఎంత కురిసినదో చరవాణిలో కనబడుతుంది. నాన్న అప్పు ఎంత చేసినాడో అందులో కనబడదు.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మమున్నది. భరతునికి నిజం చెప్పవద్దని దూతలను ఆదేశించినది సాక్షాత్తు వసిష్ఠ మహర్షి. అయితే భరతుడు అప్పుడే రథమెక్కి బయలుదేరవలసినవాడు. దారిలో ఏడు రాత్రులు గడిచినవి. అయోధ్య చేరగానే నిజం తెలిసినది. అనగా ఆ మరుగు ఏడు రాత్రులకే. మన బిడ్డలు రథమెక్కలేదు. మనం దాచినది ఏడేళ్లయినా దాగే ఉండును. కాబట్టి తల్లిదండ్రులారా! బిడ్డ బెంగపడునని పంట నష్టమును, రోగమును, ఋణమును దాచకండి. దాచి, పిదప వాడు పట్టించుకోలేదని నొచ్చుకోకండి.

ఇక దూరాన ఉన్న బిడ్డల మాట. ఇల్లు మునిగిన నాడు నేనిక్కడ అన్నం తిన్నాను, ఉద్యోగం చేసినాను, నవ్వినాను, ఇది పాపమా అని కొందరు లోలోపల కుమిలిపోతారు. 2020, 21 సంవత్సరములలో మహమ్మారి వేళ విమానములు నిలిచిపోగా, కన్నవారి అంత్యక్రియలను ఫోను తెరమీద చూసినవారు ఉన్నారు. భరతుడూ ఇట్లే విలపించినాడు. తండ్రికి స్వయంగా సంస్కారం చేసిన రాముడు మొదలైనవారు ధన్యులు అన్నాడు. రాముడు సైతం అక్కడ లేడని అతడప్పటికి ఎరుగడు! దగ్గరనున్నవారందరూ ధన్యులు, తానొక్కడే దోషి అని దుఃఖం మనిషిని నమ్మిస్తుంది. వాల్మీకి భరతుని కేకయ వాసాన్ని ఎక్కడా దోషమనలేదు. తండ్రి అనుమతితో పోయినాడు, అక్కడ మర్యాదగా ఉన్నాడు. మన బిడ్డలు కూడా మన దీవెనతోనే పోయినారు. దూరముండుట పాపం కాదు.

మరి ధర్మమేది? తరువాత భరతుడు చేసిన పనిలో ఉన్నది. ఏడ్చి ఊరుకోలేదు. రాముని పాదుకలు తెచ్చి, నందిగ్రామంలో పదునాలుగు సంవత్సరములు రాజ్యాన్ని న్యాసముగా, అనగా ఒకరు దాచమని ఇచ్చిన సొమ్ముగా కాపాడినాడు. శ్రీరాముడు తిరిగి వచ్చిన నాడు కోశము, ధాన్యాగారము, సైన్యము పది రెట్లు చేసి అప్పగించినాడు. ఉపద్రవం ఒక దినము వచ్చి పోవును. దానిని సరిదిద్దుట సంవత్సరముల పని. తుపాను మరునాడు చందా పంపుట మంచిదే. కాని అది పాదుకాసేవ కాదు.

మన సీమలో ఈ న్యాసం ఎక్కడున్నదో చెబుతాను. విదేశాలలో ఉన్నవారి పొలములు ఎందరివో ఇక్కడ కౌలుకు నడుస్తున్నవి. విత్తనం, ఎరువు, పురుగుమందు, కోత కూలి అన్నీ కౌలుదారు పెట్టుబడి. డిసెంబరు నాటికి ఆ పెట్టుబడి చాలావరకు నేలలో పోసి ఉండును. కాయ ఇంకా కల్లానికి రాలేదు. అప్పుడు తుపాను వస్తే మునిగినది కౌలుదారు సొమ్ము. నష్టపరిహారం మాత్రం పట్టా ఎవరి పేర ఉంటే వారికి పోవుట ఎన్నోసార్లు జరిగినది. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం చేసి, పదకొండు నెలల ఒప్పందంతో కౌలుదారుకు పత్రమిచ్చే పద్ధతి పెట్టినారు. దానికి భూయజమాని సంతకం కావలెనన్నారు. భూమి ఎక్కడ పోవునో అను భయంతో ఎందరో ఆ సంతకం పెట్టలేదు.

బిడ్డలారా! సహాయనిధికి వేయి డాలర్లు పంపి, మునిగిన చేనికి కౌలు పూర్తిగా వసూలు చేయించుకొంటే, ఆ దానం ఏ ఖాతాలో పడునో ఆలోచించండి. ముందు మీ పొలం దున్నుతున్నది ఎవరో తెలుసుకోండి. భరతుడు పేరుపేరునా అడిగినట్లు, అతని ఇల్లు, అతని అప్పు, అతని పిల్లల చదువు అడగండి. మునిగిన సంవత్సరం కౌలు విడిచిపెట్టండి. పరిహారం మీ పేర వస్తే అతనికి చేర్చండి. పత్రం మీద సంతకం అడిగితే పెట్టండి. ఇవన్నీ డల్లాసులో కూర్చుని చేయదగినవే. వీటికి సెలవు అక్కరలేదు, విమానమెక్క నక్కరలేదు.

దీర్ఘకాల సేవ అసాధ్యమని ఎవరూ అనరాదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు సొమ్ము కూర్చి, తాము పాఠం నేర్చిన ప్రభుత్వ ఆసుపత్రిలో భవనం నిలిపినారు. పల్లెల నుండి వచ్చే బీదవారు దానిలో చికిత్స పొందుతున్నారు. ఆ వైద్యులు తమ ఉద్యోగములు మానలేదు. పగలు అక్కడి రోగిని చూసినారు, ఇక్కడి రోగిని మరువలేదు.

పెద్దలారా, ఈ రాత్రి బిడ్డల ఫోను వచ్చినప్పుడు క్షేమమే అన్న మాటతో ఆపకండి. చేను సంగతి, కౌలుదారు సంగతి ఉన్నదున్నట్లు చెప్పండి. విన్నవాడు ఏమి చేయవలెనో భరతుడు చేసి చూపినాడు. పాదుకాపట్టాభిషిక్తుడైన శ్రీరామచంద్రప్రభువు ఇక్కడివారిని, అక్కడివారిని చల్లగా చూచుగాక.

స్వస్తి.