ఎదుట నున్న బిడ్డ కొరకు కథ



బాలల కొరకు ఒక మంచి కథ వ్రాయవలెనన్న కోరిక చదువుకొన్న తల్లిదండ్రులలో పెక్కుమందికి కలుగుచుండును. కాగితము ముందు కూర్చున్నంతనే రెండు సందేహములు అడ్డుపడును. ఏమి వ్రాయవలెను? వ్రాయుటకు స్ఫూర్తి యెచ్చటినుండి రావలెను? ఈ సందేహములలో చిక్కి పెక్కు కథలు పుట్టకమునుపే అంతరించుచున్నవి. బాలసాహిత్య చరిత్రను కొంచెము పరిశీలించినచో ఈ రెంటికిని ఒకే సమాధానము దొరకును. లోకము మెచ్చిన బాలల కథలలో పెక్కు సమస్త బాలలోకమును ఉద్దేశించి పుట్టినవి కావు. ఎదుట నున్న ఒక్క బిడ్డ కొరకు పుట్టినవి.

1881వ సంవత్సరమున స్కాట్లండు దేశములోని బ్రేమార్ గ్రామమున రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ వానలకు ఇల్లు కదలలేక కాలము గడుపుచుండెను. ఆయన భార్యకు మొదటి వివాహమున కలిగిన కుమారుడు లాయిడ్ ఆ ఇంటనే రంగులతో ఆడుకొనుచుండెను. ఆ బాలుని వినోదమున పాలు పంచుకొనుచు స్టీవెన్‌సన్ ఒక దీవి పటమును గీసెను. పటములోని కొండలకును రేవులకును పేర్లు పెట్టుచుండగా మనుష్యులు కదలిరి, ఓడ కదలెను, కథయు కదలెను. అదియే 1883లో గ్రంథరూపము దాల్చిన ‘ట్రెజర్ ఐలండ్’. తరువాతి కాలమున నండూరి రామమోహనరావు గారు దానిని ‘కాంచన ద్వీపం’ అను పేర తెలుగు పిల్లల చేతికి అందించిరి.

1893లో బియాట్రిక్స్ పాటర్ అను ఆంగ్ల వనిత, జబ్బుపడిన నోయెల్ అను పసివానికి ఉత్తరము వ్రాయబూనెను. వ్రాయుటకు వార్తలేవియు తోచకపోగా నాలుగు కుందేలు పిల్లల కథను బొమ్మలతో సహా వ్రాసి పంపెను. ఆ ఉత్తరము నుండి పెరిగిన పుస్తకము 1902లో వెలువడి దేశదేశముల పిల్లలకు చేరెను. 1928లో జవహర్‌లాల్ నెహ్రూ, ముస్సోరీలో నున్న పదేండ్ల ఇందిరకు భూమి పుట్టుకను, మానవుని తొలి చరిత్రను ఉత్తరములుగా వ్రాసెను. ఆమెకై వ్రాసిన ఉత్తరములే మరుసటి యేడు పుస్తకమై యెందరికో పాఠమయ్యెను.

ఇది పరదేశములకే చెల్లిన విషయము కాదు. పంచతంత్రములోని విష్ణుశర్మ కథలు చెప్పినది మువ్వురు రాజకుమారులకు. ఆ కథలను ఆధారము చేసికొని పరవస్తు చిన్నయసూరి గారు నీతిచంద్రికను 1853లో ప్రకటించిరి. మదరాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్య అను పేర్లతో పిల్లలకు ఆత్మీయులైన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించిరి. పిల్లల గొంతుకలను నిత్యము వినుచున్నవారగుటచే పిల్లలకు ఏమి కావలెనో వారికి తెలిసినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారల ‘చందమామ’ వచ్చెను. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దానికి తమ ప్రజ్ఞను ధారపోసిరి. చదువరి యెవరో, ఆతనికి యేమాట అందునో, యేమాట అందదో యెరిగి వ్రాసిన వచనమది. ఆ పత్రిక నేడు రాకున్నను ఆ వచనమునుండి నేర్వదగినది తరుగలేదు.

ఇక గరాచర్మలో ఎదుట నున్న బిడ్డ యెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఆ ఇండ్లలోని పసివాడు బడిలోను, వీధిలోను హిందీలో ఆడుకొనును. ఇంటికి రాగానే తెలుగు వినును. ఏ తెలుగు? ‘అన్నము తిను’, ‘కాళ్లు కడుగుకో’, ‘పాఠము చదివితివా’ అను తెలుగు. కథ లేని యింట మాతృభాష ఆజ్ఞల భాషగా మిగిలిపోవును. ఆజ్ఞలు విని పెరిగిన భాషలో బిడ్డడు విధేయుడు కాగలడు గాని కలలు కనలేడు.

ఆ బిడ్డకు విశాఖపట్టణమునుండి వచ్చిన పుస్తకము చదివి వినిపింతురు. అందులో రైలు కూయును. ఈ దీవులలో రైలు లేదు. నక్క పొంచియుండును, అండమాను అడవిలో నక్క లేదు, పులి లేదు, సింహమును లేదు. అమ్మమ్మ ఇల్లు ప్రక్క ఊరిలో నుండును. ఇచ్చటి బిడ్డకు అమ్మమ్మ సముద్రమునకు ఆవల, ఓడలో రెండు మూడు దినముల దూరమున నున్నది. పాత కథలను విడువవలెనని దీని అర్థము కాదు. చూడని నక్కను ఊహించుటయు పిల్లలకు ఆనందమే. అయితే చూచిన పీతను గూర్చి కూడ తెలుగులో ఒక కథ యుండవలదా?

ఈ ఒడ్డున సన్యాసి పీత యున్నది. చచ్చిన నత్త విడిచిన గుల్లలో అది తలదాచుకొనును. ఒడలు పెరిగినకొలది పాత గుల్లను వదలి పెద్ద గుల్లను వెదకుకొనును. కేంద్ర ప్రభుత్వోద్యోగి బిడ్డకు ఈ పీత బాధ యెవరును వివరింపనక్కరలేదు. తండ్రికి బదిలీ ఉత్తరువు రాగానే బడిని, స్నేహితులను, పెరటి జామచెట్టును విడిచిపోవు దుఃఖము వానికి తెలియును. పాత గుల్లను విడిచిన క్షణమున మెత్తని ఒంటితో ఇసుకపై నిలిచిన పీత భయమును వ్రాసినచో, అది ఆ బిడ్డ హృదయమునే వ్రాసినట్లు.

గరాచర్మకు చేరువనున్న సిప్పిఘాటు పల్లములో ఒకప్పుడు పొలములుండెను. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమున దక్షిణ అండమాను నేల క్రుంగగా అందు ఉప్పునీరు వచ్చి నిలిచెను. పైరు పండిన చోట నీటిపక్షులు దిగినవి. ‘ఈ నీటి క్రింద ఏమున్నది?’ అని అడుగు బిడ్డకు చెప్పదగిన కథ యిందు కలదు. 1978లో ఏర్పడిన ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ గరాచర్మలోనే యున్నది. నేల ఉప్పునకు తాళుకొను పంటను గూర్చి అడుగదలచినవారు దూరము పోనక్కరలేదు. స్వరాజ్ ద్వీపమున, అనగా 2018 వరకు హేవ్‌లాకు అనబడిన దీవిలో, కలప పనికై తేబడిన రాజన్ అను ఏనుగు సముద్రములో ఈదుచుండెడిది. అది 2016లో మరణించెను. సముద్రములో ఈదిన ఏనుగు కల్పన కాదు, నిజము. ఇట్టి నిజము లభించిన రచయితకు స్ఫూర్తి కరవగునా?

ఇక హృదయమునకు హత్తుకొనునట్లు వ్రాయుట యెట్లు? నీతిని ముందు నిలిపి కథను దాని వెంట నడిపింపరాదు. కథ చివర నీతివాక్యము తగిలించినచో పిల్లలు దానిని చేదుమందు వలె గ్రహింతురు. భయమును, దుఃఖమును దాచరాదు. బిడ్డలకు అవి తెలియును. దాచిన పెద్దలను వారు నమ్మరు. కాని భయములో బిడ్డను ఒంటరిగా విడువరాదు. కథ ముగియునప్పటికి పట్టుకొనుటకు ఒక చేయి, వెలుగుటకు ఒక దీపము ఉండవలెను. వ్రాసినదానిని బిగ్గరగా చదువవలెను. విను బిడ్డ చూపు యెచ్చట కిటికీవైపు మరలునో అచ్చటి వాక్యమును కొట్టివేయవలెను. ‘తరువాత?’ అని యెచ్చట అడుగునో అచ్చట కథకు ప్రాణమున్నదని తెలిసికొనవలెను. ఆ బిడ్డను మించిన విమర్శకుడు లేడు.

ఈ దీవులు నేర్పిన కఠినమైన పాఠము ఒకటి కలదు. 2010 జనవరి 26వ తేదీన బోవా అను వృద్ధురాలు మరణించెను. గ్రేట్ అండమానీ భాషలలో ఒకటియగు ‘బో’ భాషను మాటలాడగలిగినవారిలో ఆమెయే కడపటిది. ఆ భాషలో బదులు చెప్పువారు లేక ఆమె పక్షులతో మాటలాడుచుండెడిదని, ఆమె మాటలను సేకరించిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి తెలిపిరి. చెప్పుటకు ఆమెకు మాటలు కరవు కాలేదు. విను బిడ్డ కరవయ్యెను. కోట్లమంది మాటలాడు తెలుగునకు అట్టి ఆపద నేడు లేదు. కాని భాష మరణించుట దేశములో మొదలుకాదు, ఒక ఇంటిలో మొదలగును. తాత మాట మనుమనికి అందని నాడు, ఆ ఇంటిమట్టుకు అది జరిగినట్లే.

కావున పేరుపొందిన రచయిత రావలెనని ఎదురుచూడనక్కరలేదు. ప్రతి తెలుగింటిలో నెలకొక కథ చాలును. తండ్రి చెప్పవచ్చును, తల్లి వ్రాయవచ్చును, బిడ్డ బొమ్మ వేయవచ్చును. పూర్వము ఊళ్లలో వ్రాతప్రతులుగా పత్రికలు నడచినట్లే, ఆ కాగితములను కుట్టి ఇంటింటికి త్రిప్పవచ్చును. అందు తప్పులుండవచ్చును, భాష తడబడవచ్చును. అయినను సన్యాసి పీత, సిప్పిఘాటు పక్షులు, ఈదిన ఏనుగు తెలుగు మాటలలో బిడ్డల మనస్సులలో నిలిచిపోవును. బదిలీపై ఏ ఊరికి పోయినను వారు వెంట తీసికొనిపోగల సామానులో బరువులేనిది, విలువ తరుగనిది అది యొక్కటియే.

ఈ రాత్రి గరాచర్మలో ఏ ఇంటనైనను ఒక బిడ్డ ‘కథ చెప్పవా?’ అని అడిగినప్పుడు, ‘రేపు’ అను మాట వినబడకుండు గాక!