సైరన్ మోగితే వచ్చేదెవరు?

సంక్రాంతి వస్తే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లకు వరసగా తాళాలు పడతాయి. ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని సైబరాబాద్ పోలీసులు అడుగుతూనే ఉంటారు. మనమేమో తాళం కప్పను రెండుసార్లు లాగి చూసి బండెక్కేస్తాం!

ఇప్పుడు చాలామంది అలారం పెట్టిస్తున్నారు. మంచిదే. అది పనిచేసే తీరు తేలిక. తలుపుకో అయస్కాంతం, గుమ్మానికో సెన్సర్. తలుపు తెరిస్తే రెండూ దూరమవుతాయి, సైరన్ మోగుతుంది. గదిలో పెట్టే సెన్సర్ ఒంటివేడి కదిలితే పసిగడుతుంది. అందుకే పెంపుడు పిల్లి కూడా దాన్ని మోగించగలదు. ఉత్తినే నాలుగుసార్లు మోగిందా, ఐదోసారి ఎవరూ పట్టించుకోరు.

మరి కరెంటు పోతే? వైఫై ఆగిపోతుంది, మీ ఫోన్‌కు కబురు రాదు. కాబట్టి బ్యాటరీ ఉన్నదే, సిమ్ కార్డుతోనూ పనిచేసేదే కొనండి.

అసలు సంగతి వినండి. సైరన్ దొంగను పట్టుకోదు. మోగితే వచ్చేదెవరు? ఎదురింటివాళ్లా, వాచ్‌మనా? ముందే మాట్లాడుకోండి. మోగితే వాళ్లు లోపలికి వెళ్లకూడదు, 112కు ఫోన్ చేయాలి. బయల్దేరేముందు ఒకసారి మోగించి వాళ్లకు వినిపించండి. ఆ చప్పుడు మీ ఇంటిదేనని వాళ్లకు తెలియాలిగా!